ఆరు వారాల ఆరాం

నా కాలు చెడగొట్టింది మా బామ్మర్ది సీతయ్య. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ చలికాలమంతా ఎవరు అడిగినా ఇదే చెప్పాను. కిరాణా కొట్టు దగ్గర చెప్పాను, బస్సు ఆగే చోట చెప్పాను, అడగనివాళ్లను ఆపి మరీ చెప్పాను.

నాకు యాభై నాలుగేళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ నడిచే మా మద్దేడ్‌లో పొలం చేసుకుంటాను. రోజూ పొద్దున్నే హైవే మీద పది పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తుతాను. మొదట్లో బస్సు డ్రైవర్లు పాపం అనుకుని ఆపేవారు, ఎక్కమనేవారు. ఇప్పుడు హారన్ కొట్టి పోతారు.

మా వైపు ఏటా మూడు పరుగులు జరుగుతాయి. జనవరిలో బీజాపూర్, ఫిబ్రవరిలో ఆవపల్లి, మార్చిలో భోపాల్‌పట్నం. యాభై దాటినవాళ్లకు వేరే బహుమతి. ఆ వరుసలో నిజంగా పరిగెత్తేది ఇద్దరమే, నేను, ఆవపల్లి బిజ్జా. మిగతావాళ్లు ఫోటో కోసం వస్తారు. ఐదేళ్లలో పదిహేను పరుగులు. ఎనిమిది నావి, ఏడు వాడివి. ఒక్కటి కూడా నేను మానలేదు. నా భార్య కల్యాణి చనిపోయిన నెలలో కూడా మానలేదు. దానికి ఊళ్లో అనేవాళ్లు అన్నారు. సీతయ్య మాత్రం ఏమీ అనలేదు. అక్క పోయిన తమ్ముడు, వాడు అనాలి. అనలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

మాది ఒకటే వాకిలి. ఇటు నా ఇల్లు, అటు సీతయ్య ఇల్లు. కల్యాణి పోయినప్పటి నుంచి సీతయ్య భార్య సోమక్క వండుతుంది, నేను వాళ్లింట్లో తింటాను. సోమక్క మా పేటకు మితానిన్. జ్వరానికి మాత్ర ఇచ్చేది, నొప్పులొస్తే ఆడవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోయేది ఆమే. ఊరందరి రోగాలూ ఆమెకు తెలుసు కాబట్టి ఆమె ముందు ఎవరూ పెద్దగా నోరెత్తరు.

నవంబర్ ఆఖర్లో, వరి కోతలప్పుడు, పొద్దున పరిగెత్తుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. పక్కకు జరిగాను. అక్కడ తారు అంచు విరిగి ఉంది. ఎడమ కాలు జారింది. మడమ వెనక ఎవరో కర్రతో కొట్టినట్టయింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు.

సీతయ్య బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసు. నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కింది, మడమ వంచింది, హిందీలో ఏదో చెప్పింది. నేను "జీ" అన్నాను. ఇంకా చెప్పింది. "జీ, జీ" అన్నాను. కుర్చీలో కూర్చునేవాళ్లు హిందీలో ఏది చెప్పినా నేను జీ అంటాను. మా బళ్లో అన్నిటికంటే ముందు నేర్పింది అదే. ఆ తర్వాత కట్టు కట్టారు. డాక్టరమ్మ సీతయ్యను పక్కకు పిలిచి చీటీ రాసిచ్చింది.

సీతయ్య బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తూ అన్నాడు.

"ఆరు వారాలు ఆరాం అన్నది బావా."

అంతే అన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

మా మాటలో ఆరాం అంటే నయం. పానం ఆరాం ఉన్నదా అని అడుగుతాం, జ్వరం ఆరాం అయింది అంటాం. ఆరు వారాల్లో నయమవుతుందన్నమాట అనుకున్నాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. జనవరి మొదటి వారం. బీజాపూర్ పరుగు ఆ నెలాఖర్లో. బండి మీద కూర్చునే ఊపిరి పీల్చుకున్నాను.

మూడు వారాలయ్యేసరికి నొప్పి సగం తగ్గింది. ఆరాం అవుతోంది అనుకుని కట్టు విప్పేశాను. మొదటిరోజు రెండు కిలోమీటర్లు, తర్వాత నాలుగు. పదోరోజు ఎనిమిది కిలోమీటర్లకు పోయాను. వెనక్కి తిరిగిన చోటే పిక్క రాయిలా బిగిసింది, మడమ నేల మీద ఆనలేదు. ఇంటికి కూరగాయల ఆటోలో వచ్చాను, వంకాయ బస్తాల మధ్య.

సోమక్క చూసింది. ఏమీ అడగకుండా మా ఇంట్లోకి పోయి, గూట్లో ఉన్న ఆస్పత్రి చీటీ తెచ్చి వాకిట్లో నిలబడి చదివింది.

"ఆరు వారాలు పూర్ణ విశ్రామ్ అని రాసి ఉన్నది గదన్నా. నువ్వు రోజూ పొద్దున యాడికి పోతున్నవ్? పొలం కాడికి అన్నవు."

"విశ్రామా?" అన్నాను. "ఆరాం అన్నడు మీ ఆయన."

సీతయ్య గడ్డివాము దగ్గర నుంచి వచ్చాడు. "ఆరాం అనే గద డాక్టరమ్మ చెప్పింది బావా."

"ఆరాం అంటే నయం."

"ఆరాం అంటే పండుకోవాలె. హిందీ డాక్టరమ్మ నోట్ల ఆరాం అంటే ఏందనుకున్నవ్?"

"నువ్వు హిందీ డాక్టరువా? నువ్వు నాతోని మాట్లాడింది తెలుగు. తెలుగుల ఆరాం అంటే నయం."

"ఆరు వారాలు నయం అంటరా ఎవరన్నా? ఆరు వారాలకు నయం అంటరు."

"ఆ 'కు' నువ్వు మింగినవ్ అనుకున్న."

పక్కింటి ఆయతి, గోడ మీది నుంచి చూస్తున్న దోర్ల తెగ పిల్ల, పకాలున నవ్వింది. సోమక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

"పండుకో అని ఒక్క మాట ఎక్కువ చెప్తే నీ నోరు అరుగుతదారా?" అన్నాను. "నా కాలు తీసినవ్. ఇగ నీ ఇంట్ల మెతుకు ముట్ట."

సీతయ్య చేతికి గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి, దులుపుకున్నాడు.

ఆ రోజు నుంచి మా వాకిట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. నాకు అన్నం తప్ప ఏదీ వండటం రాదు. అన్నం, పచ్చిమిరపకాయ, చింతపండు. అదే తిన్నాను. సీతయ్యతో మాట్లాడలేదు. చెప్పాల్సి వస్తే సోమక్కతో చెప్పాను, వాడు పక్కనే నిలబడి ఉన్నా సరే. "మీ ఆయనకు చెప్పు, ఎద్దు తాడు తెంపుకున్నది." వాడు వినేవాడు, పోయి ఎద్దును కట్టేసేవాడు.

బీజాపూర్ పరుగు రోజు ఫోన్ మోగింది. బిజ్జా.

"ఏడున్నవ్ రా రాఘవులూ? గీత కాడ నిలబడి చూస్తున్న. లేవు. చచ్చినవేమో అనుకున్న."

"కాలు."

"ఏమైంది?"

"సీతయ్య."

"నేను గెలిచిన. వెనక ఎవడూ లేడు. మధ్యల ఆగి చాయ్ తాగిన, నిజం చెప్తున్న. గిట్ల గెలుసుడు సిగ్గురా."

ఎనిమిది ఎనిమిది అయింది. ఫిబ్రవరిలో ఆవపల్లి పరుగూ పోయింది. ఎనిమిది తొమ్మిది. ఈసారి బిజ్జా ఫోన్ చేయలేదు. అది ఇంకా అవమానం అనిపించింది. మిగిలింది భోపాల్‌పట్నం ఒక్కటే, మార్చి మూడో ఆదివారం. ఆ ఒక్కటి కూడా పోతే మళ్లీ పరిగెత్తలేనని నాకు తెలుసు. కాలు వల్ల కాదు. ఈ వయసులో ఒక ఏడు పూర్తిగా ఆగినవాడు మళ్లీ మొదలుపెట్టడు. మా ఊళ్లోనే కబడ్డీ ఆడినవాళ్లు, ఫుట్‌బాల్ ఆడినవాళ్లు ఉన్నారు. ఒక ఏడు ఆగారు. ఇప్పుడు అరుగుల మీద కూర్చుని 'అప్పట్లో మేము...' అంటారు.

బీజాపూర్ పరుగు అయిన మర్నాడే సోమక్క మితానిన్ల మీటింగుకు పోయింది. అక్కడ కాళ్లూ చేతులూ సాగదీయించే ఒకాయన వస్తే, నా సంగతి చెప్పి అడిగిందట. వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"పండుకునే రోజులు అయిపోయినయి అన్నా. ఇప్పుడు నరానికి బలం రావాలె. మెట్టు అంచు మీద వేళ్లు పెట్టి నిలబడాలె. లేవాలె. మడమ మెల్లగ, మెల్లగ దించాలె. పదిహేనుసార్లు. అట్ల మూడుమాట్లు. పొద్దున, మాపున."

"నా ఇంటికి మెట్టు లేదు."

నిజమే, లేదు. మా వైపు ఇళ్లకు అరుగు ఉంటుంది, దాని అంచు మట్టితో గుండ్రంగా ఉంటుంది. వేళ్లు ఆనవు. రాయి పెట్టి చూశాను, దొర్లింది. సోమక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని వాకిలంతా చూసింది. ఆమె చూపు వాళ్ల కొట్టం మీద ఆగింది.

"ఢేంకీ ఉన్నది" అంది.

ఢేంకీ అంటే కాలితో తొక్కే రోకలి. పొడుగాటి దూలం. ఒక కొసకు రోకలి, ఇంకో కొసన పాదం పెట్టే చోటు. తొక్కితే రోకలి లేస్తుంది, వదిలితే కింది గుంటలో పడి వడ్లు దంచుతుంది. మా అత్తగారిది, తర్వాత కల్యాణిది. మిల్లు వచ్చాక పండగలకు తప్ప ఎవరూ ముట్టడం లేదు.

"ఆడోళ్ల పని" అన్నాను.

"అయితే కూసో. వచ్చే ఏడు బిజ్జా ఒక్కడే పరిగెత్తుతడు."

మర్నాడు తెల్లారకముందే కొట్టంలోకి పోయాను. పైనున్న కర్ర పట్టుకుని ఎడమ పాదం ముందు భాగం దూలం మీద పెట్టి తొక్కాను. రోకలి లేచింది. మడమను మెల్లగా దించుతూ, దాన్ని మెల్లగా కిందికి వదిలాను. పిక్క నిప్పులా మండింది. పదిహేను లెక్కపెట్టేసరికి చొక్కా తడిసింది. తిరిగి చూస్తే గుమ్మంలో ఆయతి, ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

"మామా, ఉత్తగ ఎందుకు తొక్కుతున్నవ్?" అంది ఆయతి. "మా వడ్లు పోస్త."

"పో."

పోలేదు. తట్టెడు వడ్లు గుంటలో పోసింది. నేను మెల్లగా దించాను. ఆమె వంగి చూసింది.

"ఇట్ల ముద్దు పెట్టినట్టు దించితే వడ్లు ఎట్ల నలుగుతయి? ధబ్బున వదలాలె."

"ధబ్బున వదిలితే నా కాలికి పనికిరాదు."

"మెల్లగ దించితే మా వడ్లకు పనికిరాదు."

మిగతా ఇద్దరూ నవ్వారు. వాళ్లలో ఒకామె, "కల్యాణక్క అయితే గంటలో కుంచెడు దంచేది" అంది. నేను పాదం మళ్లీ దూలం మీద పెట్టాను.

"ఒకటి నా కాలికి" అన్నాను, మెల్లగా దించుతూ. కాలు మార్చి కుడికాలితో తొక్కి ధబ్బున వదిలాను. "ఒకటి మీ వడ్లకు."

అట్లా మొదలైంది. వారం తిరిగేసరికి కొట్టం ముందు పొద్దున్నే తట్టలు వరుసగా ఉండేవి. దంపుడు బియ్యం రుచి మిల్లు బియ్యానికి రాదని అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. నన్ను ఆటపట్టించడం కూడా వాళ్లకు బాగా రుచించింది. "ఈయన పెండ్లాన్ని ఒక్కనాడన్నా లేపి తొక్కిండా" అని ముసలమ్మలు నాకు వినబడేటట్టే అనుకునేవారు. నేను లెక్క తప్పకుండా తొక్కేవాణ్ణి. లేదు, తొక్కలేదు. మిల్లు వచ్చేదాకా రోజూ ఆ చప్పుడు విని లేచాను, ఒక్కనాడు కూడా లోపలికి తొంగిచూడలేదు. ఆ దూలం అంత బరువుంటుందని నాకు యాభై నాలుగో ఏట తెలిసింది.

రెండో వారం దూలం ఇరుసు కిర్రుమనడం మొదలుపెట్టింది. మూడోరోజు పొద్దున చూస్తే ఆముదం పూసి ఉంది. పట్టుకునే కర్రకు గుడ్డ చుట్టి ఉంది, నా చేతి ఎత్తుకు సరిగ్గా. ఎవరు చేశారో అడగలేదు. సోమక్కతో మాత్రం అన్నాను, "మీ ఆయనకు చెప్పు, గుడ్డ వదులైంది." సాయంత్రానికి గట్టిగా కట్టి ఉంది.

ఫిబ్రవరి మధ్యలో నడకకు నొప్పి లేదు. నెలాఖర్లో పరుగు మొదలుపెట్టాను. సోమక్క లెక్క పెట్టి వదిలేది, ఈరోజు రెండు, ఎల్లుండి మూడు. ఒక్క కిలోమీటర్ ఎక్కువ పోతే కొట్టానికి తాళం వేస్తానంది. నాకు ఎవరూ ఇంతవరకు అట్లా చెప్పలేదు. విన్నాను. ఇప్పచెట్ల కింద పువ్వు రాలడం మొదలైన రోజున ఏడు కిలోమీటర్లు పరిగెత్తి మడమ పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

పరుగు రోజు మా పేట ఆడవాళ్లంతా ట్రాక్టర్ ఎక్కారు. బియ్యం తిన్నాం, చూడొద్దా అన్నారు. సీతయ్యే నడిపాడు. నేను వెనక తొట్టిలో వాళ్ల మధ్య కూర్చున్నాను, వాడి పక్కన కూర్చోవాల్సి వస్తుందని.

భోపాల్‌పట్నంలో నంబర్లు ఇచ్చే టెంటు పక్కనే ఒక బల్ల ఉంది. యాభై దాటినవాళ్లకు బీపీ చూసి సంతకం పెట్టాలి. బల్ల వెనక కూర్చున్నది ఆ డాక్టరమ్మే. నన్ను చూడగానే పోల్చుకుంది.

"అరే, మద్దేడ్ కే దాదా! ఏడీ వాలే!"

మడమ దాదా అంది. నేను "జీ" అన్నాను. నా కాలు బల్ల మీద పెట్టించి నొక్కింది, ముని వేళ్ల మీద లేవమంది, లేచాను. ఆమె ముఖం వెలిగింది. తర్వాత, ఈ కాలు జనవరికే బాగుపడాల్సింది, బీజాపూర్‌లో మీరు కనబడలేదేమిటి అని అడిగింది.

నా చలికాలపు జవాబు నోటి దాకా వచ్చింది. హిందీలో చెప్పాను. బామ్మర్ది సరిగా చెప్పలేదు, పడుకోవాలని నాకు తెలియదు అన్నాను.

ఆమె సంతకం పెడుతూనే, తల ఎత్తకుండా అంది.

"మైనే తో ఆప్‌కో హీ బతాయా థా దాదా. దో బార్. ఆప్‌నే జీ బోలా థా."

మీకే చెప్పాను కదా. రెండుసార్లు. మీరు జీ అన్నారు.

సీతయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు, నా చెప్పులు చేత్తో పట్టుకుని. వాడికి హిందీ నాకంటే బాగా వచ్చు. నేను తిరిగాను. వాడు నా ముఖం చూడలేదు, నా ఛాతీ మీది నంబరు చూస్తున్నాడు.

"నంబర్ వంకరున్నది బావా" అన్నాడు.

చెప్పులు చంకలో పెట్టుకుని, పిన్నులు తీసి, నంబరు సరిచేసి మళ్లీ పెట్టాడు. నాలుగు పిన్నులు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆఖరి పిన్ను పెట్టి అరచేత్తో ఒకసారి అదిమాడు.

"మెల్లగ మొదలువెట్టు" అన్నాడు.

హైవే మీద ఏడున్నర కిలోమీటర్లు పోయి, రోడ్డు మధ్యలో పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. గీత దగ్గర బిజ్జా ఉన్నాడు, ఎప్పటిలా ఉత్త కాళ్లతో.

"వచ్చినవా! నువ్వు వడ్లు దంచుతున్నవంట, ఆవపల్లి దాక తెలిసింది. మా ఆడోళ్లు అడుగుతున్నరు, పంపాల్నా అని."

"ముందు పరిగెత్తు. తర్వాత పంపు."

తుపాకీ పేలింది. కుర్రవాళ్లు గుంపుగా దూసుకుపోయారు. బిజ్జా మొదటి కిలోమీటర్లోనే నన్ను వదిలి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అంతే చేస్తాడు, ఎప్పుడూ నేను వెంటపడతాను, మధ్యలో ఒగరుస్తాను. ఈసారి వెంటపడలేదు. మెల్లగా మొదలుపెట్టాను. ఎడమ కాలు మీద మనసు పెట్టి ప్రతి అడుగూ విన్నాను. మూడో కిలోమీటర్‌కు వినడం మానేశాను. అక్కడ వినడానికి ఏమీ లేదు, రెండు కాళ్లు నేలను తాకుతున్నాయి, అంతే.

డ్రమ్ము దగ్గరపడుతుండగా బిజ్జా తిరిగి ఎదురొస్తున్నాడు. నూటయాభై గజాలు ముందున్నాడు. పోతూ పోతూ చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

పదో కిలోమీటర్ దగ్గర ఎండ వీపు మీదికి వచ్చింది. ఫోటోల కోసం వచ్చినవాళ్లు రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. కుర్రవాళ్లలో కొందరు నడుస్తున్నారు. వాళ్లను ఒక్కొక్కరినే దాటాను. బిజ్జా వీపు కనబడుతోంది. చిన్నగా ఉంది. పన్నెండు దగ్గర పెద్దదయింది. వాడి మడమలు కనబడ్డాయి, పగుళ్లతో సహా.

ఊరి ముందు ఒక ఎత్తు ఉంది. సైకిల్ వాళ్లు దిగి నడిపించేంత ఎత్తు. ఐదేళ్లూ ఆ ఎత్తు మీదే బిజ్జా నన్ను వదిలేవాడు, నా పిక్కలు అక్కడ చచ్చిపోయేవి. ఈసారి ముని వేళ్ల మీద ఎక్కాను. పిక్కలు మండలేదు. ఏడు వారాలుగా అవి చేస్తున్న పని కంటే ఇది తేలిక. సగం ఎక్కేసరికి బిజ్జా పక్కన ఉన్నాను. వాడు తల తిప్పి చూశాడు. వాడి నోరు తెరుచుకుని ఉంది.

"ఏం... తింటున్నవ్ రా?" అన్నాడు, ఒగరుస్తూ.

"మిరపకాయలు."

నవ్వబోయి దగ్గాడు. ఎత్తు మీదికి నేను ముందు చేరాను.

ఆ తర్వాత ఒకటిన్నర కిలోమీటర్లు దిగుడు, బజారు. వెనక ఉత్త కాళ్ల చప్పుడు దగ్గరవుతూ ఉంది. బిజ్జా దిగుడులో గట్టివాడు. నేను తిరిగి చూడలేదు. ట్రాక్టర్ బజారు మొదట్లో నిలబెట్టి ఉంది. తొట్టిలో ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఎవరు మొదలుపెట్టారో, "తొక్కు! తొక్కు! తొక్కు!" అని అరుస్తున్నారు. బజారు జనానికి ఏమీ అర్థం కాక వాళ్లూ అరిచారు. ఇంజన్ మీద సీతయ్య నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. నేను తొక్కాను. గీత దాటేసరికి బిజ్జా చెయ్యి నా భుజానికి తగిలింది, అంత దగ్గరగా ఉన్నాడు.

రెండు అడుగుల తేడా. తర్వాత కొలిచి చెప్పారు. ఐదేళ్లలో నేను పరిగెత్తిన అన్నిటికంటే రెండు నిమిషాలు తక్కువ. తొమ్మిది తొమ్మిది. బిజ్జా నన్ను పట్టుకుని ఎత్తబోయాడు, ఇద్దరం మట్టిలో పడ్డాం.

"గిదీ పరుగంటే!" అన్నాడు, లేవకుండానే. "చాయ్ తాగనియ్యలేదు గదరా!"

వేదిక మీద మైకు పట్టుకున్న అతను నన్ను ఆపాడు. దాదా రెండు పరుగులు మానారట, కాలు దెబ్బతిన్నదట, ఎలా దెబ్బతిన్నదో అందరికీ చెప్పాలన్నాడు. మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

మా పేటవాళ్లంతా ముందే నిలబడి ఉన్నారు. నా జవాబు వాళ్లకు కంఠతా వచ్చు. కొందరు అప్పుడే సీతయ్య వైపు చూస్తున్నారు. వాడు ఆ పక్కన, నా చెప్పులు మళ్లీ చేతిలో పట్టుకుని, వాటి పట్టీ చూస్తూ నిలబడ్డాడు.

"రోడ్డు అంచు విరిగి ఉండె" అన్నాను. "చూసుకోలే."

"మరి సీతయ్య అంటివి గద మామా!" ఆయతి అరిచింది.

సోమక్క ఆమె వీపు మీద ఒక్కటి వేసింది. నేను మైకు తిరిగి ఇచ్చి దిగాను. బూట్లు విప్పి, చెప్పులు తీసుకుని వేసుకున్నాను. ట్రాక్టర్ దగ్గరికి పోయి ముందు ఎక్కి, ఇంజన్ మీద, సీతయ్య పక్కన కూర్చున్నాను.

ఆ రోజు సోమక్క నన్ను పిలవలేదు. కంచం పెట్టింది, పోయి కూర్చున్నాను. దంపుడు బియ్యం, చేపల పులుసు. మూడుసార్లు పెట్టించుకున్నాను. నా ఇంట్లో పొయ్యి రాళ్లు ఎవరు తీసేశారో తెలియదు, మర్నాటికి లేవు.

అడిగేవాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు, డాక్టరమ్మ ఏమన్నది, సీతయ్య ఏమన్నాడు, తప్పు ఎవరిది అని. ఇంతదాకా చెప్పింది ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక దీని గురించి నేను మాట్లాడను. బిజ్జా అడిగినా మాట్లాడను, సోమక్క అడిగినా మాట్లాడను. సీతయ్య అడగడు. అడిగినా చెప్పను.